ఆరో వరుసలో రోజూ గృహప్రవేశం

శ్రావణ శుద్ధ చవితి

ఇవాళ మూడో ఇంటి పడమటి గోడ నా చేతికి పొడిగా రాలింది.

పొద్దున ఆటు సమయానికి ఆరో వరుసకు వెళ్ళాను. గోడలకు ఉప్పునీళ్ళు చల్లడం, సున్నపుతేట పట్టించడం, వేలి కణుపుతో తట్టి వినడం రోజూ ఉండే పనే. ఈ నేలలో ఇటుక రెండు వానాకాలాలు నిలవదు. అందుకే మా నీలాలరేవులో ఇళ్ళు కట్టరు, పెంచుతారు. గుల్ల నారు పోస్తే అది నీళ్ళలోని సున్నాన్ని పీల్చుకుంటూ పొర మీద పొరగా గోడవుతుంది, తర్వాత పైకప్పవుతుంది. బతికున్న గోడను తడితే ముదురు కొబ్బరికాయలా పలుకుతుంది. మూడో ఇల్లు పగిలిన కుండలా పలికింది. ఇంకోసారి తట్టేసరికి అరచేతి మేర ఊడి నా పాదాల మీద పడింది.

ఆరో వరుసలో ఇళ్ళు ఎనిమిది. ఎనిమిదీ సుగుణాకర్ గారివే. ఆయన మెట్టసీమలో ఉంటారు. ఏడింటికి తాళాలు. ఎనిమిదోది నారు దశలోనే ఒక పక్కకు ఒరిగింది. అమ్మకానికి పనికిరాదని దాన్ని దీనమ్మ పిన్నికి అద్దెకిచ్చారు. ఆమె అందులో మెస్సు నడుపుతుంది. పడవల వాళ్ళూ నారుమడి కూలీలూ నేనూ అక్కడే తింటాం. మిగతా ఏడూ ‘తాకని ఇళ్ళు’. ఎవరూ కాపురం ఉండని గుల్ల ఇంటికే మెట్టలో గిరాకీ. వాటిని అలా తాకనివిగా కాపాడడమే ఈ వరుస మేనేజరుగా నా ఉద్యోగం.

ఇళ్ళను పెంచి అమ్మే సంస్థ ఇచ్చిన నమోదు పలకలో గోడకు రెండే గళ్ళున్నాయి. బాగుంది, బాగులేదు. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మ సామ్రాజ్యం వలలు అల్లి నన్ను చదివించింది రెండు గళ్ళలో టిక్కులు పెట్టడానికి కాదనిపించి, ఇది వేరుగా రాయడం మొదలుపెట్టాను.

దీనమ్మ పిన్ని ఇంటి సమస్య దీనికి సరిగ్గా తలకిందులు. ఆ ఇల్లు పెరగడం ఆపడం లేదు. వంటగది పక్కన తనంతట తనే ఒక అరుగు వేసుకుంది. ఒప్పందం ప్రకారం అదనంగా పెరిగినదాన్ని నేను గీకేయాలి. ఆకురాయి పట్టుకుని వెళ్ళాను. సముద్రపు గాలికి ఎగిరిపోతున్న విస్తరాకుల వెంట పరిగెడుతున్న పిన్ని నన్ను చూసి ఆగింది.

“గీకమ్మా, గీకు. నా నడుం కూడా పెరిగింది. దానికేమన్నా రూలుందేమో చూడు.”

తినేవాళ్ళందరూ నవ్వారు. నేను గీకకుండానే వచ్చేశాను.

శ్రావణ శుద్ధ అష్టమి

రెండో ఇల్లు, ఐదో ఇల్లు కూడా పొడి రాలుస్తున్నాయి. మందుల పెట్టెలో ఉన్నవన్నీ వాడాను. సున్నపుతేట చిక్కగా కలిపి పట్టించాను. గోడ తాగలేదు, తేట కిందికి కారిపోయింది.

సంస్థలో నా పై అధికారి దమయంతి గారికి తెరలో గోడలు చూపించాను. ఆవిడ కోప్పడలేదు. తెగులై ఉంటుందన్నారు. వరుస మొత్తానికి ఒకటే వేరు కాబట్టి ఒక ఇంటి జబ్బు పక్క ఇంటికి పాకుతుందనీ, ఈ స్థితిలో మహాలయ అమావాస్య పోటును వరుస తట్టుకోలేదనీ అన్నారు. ఏడాది మొత్తంలో పెద్ద పోటు అదే. ఆ లోపు కోలుకోకపోతే వేరు దగ్గర నరికి కొత్త నారు పోస్తారట. నరికితే ఎనిమిదో ఇల్లు కూడా పోతుంది. దీనమ్మ పిన్నికి ముందుగా చెప్పి ఖాళీ చేయించమన్నారు.

“ఆవిడ ఇల్లు బాగానే ఉంది కదండీ” అన్నాను.

“బాగున్న అవయవాన్ని విడిగా ఉంచలేం నాంచారీ. నీకు కొత్త వరుస ఇస్తాంలే.”

నాకు ఇస్తారు. పిన్నికి ఎవరిస్తారు? పొయ్యి వెలిగించే వాళ్ళకు రేవులో ఎవరూ ఇల్లు ఇవ్వరు. పొగకు గోడ రంగు మారుతుందని భయం.

సాయంత్రం మెస్సుకు వెళ్ళి చెప్పాను. పిన్ని చేపల పులుసు తిప్పుతూ వింది. మొగుడు పోయిన ఏడాది ఈ ఒంకర ఇంట్లోకి వచ్చిందట. గోడ ఒరిగింది కదా, పడుకుంటే ఎవరో పక్కకు వంగి చూస్తున్నట్టు ఉండేదట. అది మాత్రమే చెప్పి నాకు అన్నం పెట్టింది.

శ్రావణ శుద్ధ త్రయోదశి

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి. లేకపోతే నాకే నమ్మకం కలగదు.

ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళు పాలు పొంగిస్తేనే అది వాళ్ళదైనట్టు. సంస్థ పత్రాల్లోనూ అలాగే రాసుకున్నారు. అంత దూరం నుంచి రాలేని వాళ్ళ తరఫున నేను పొంగిస్తాను. వాళ్ళు తెరలో చూస్తూ దండం పెట్టుకుంటారు. తర్వాత తాళం వేస్తాను. ఒకటి నుంచి ఆరు వరకు ఇళ్ళకు నేనే పొంగించాను. ఏడో ఇంటిని సుగుణాకర్ గారు ఆషాఢంలో కొన్నారు. శూన్యమాసమని ఆగి, ముహూర్తం ఈ రోజుకు పెట్టించుకున్నారు.

అలవాటు కొద్దీ ముందు గోడ తట్టాను. కొబ్బరికాయ. నాలుగు గోడలూ అంతే. తెగులు ఒకే వేరు మీద పాకేదైతే, అటు ఆరో ఇల్లు కూడా నిన్నటి నుంచి రాలుతుంటే, ఇది ఇంత గట్టిగా ఎలా ఉంది?

పొయ్యి పెట్టి పాలు పోశాను. తెరలో సుగుణాకర్ గారు పట్టు కండువాతో కూర్చున్నారు. సాయం వచ్చిన దీనమ్మ పిన్ని నా వెనక నిలబడింది. పాలు పొంగాయి. ఆవిరి పైకి లేచి గోడకు తగిలింది. తగిలిన ఆవిరి చెమటలా గోడ మీద నిలవలేదు. గోడ దాన్ని పీల్చుకుంది. చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. చూస్తుండగానే తలుపు అంచు వెంట నువ్వు గింజలంత తెల్లటి కొత్త గుల్ల లేచింది.

సుగుణాకర్ గారు చాలా సంతోషం అమ్మా అన్నారు. తెర ఆగిపోయింది.

పిన్నికి గోడ చూపించాను. ఇప్పటిదాకా ఈ ఇల్లు నిద్రలో ఉందని, ఆవిరి తగిలి లేచిందని నాకు తోచింది చెప్పాను. పిన్ని ఆ తెల్లటి గింజల మీద వేలు పెట్టి చూసింది.

“మరి మిగతా ఆరూ?”

“అవీ ఇలాగే లేచుంటాయి పిన్నీ. లేచాక తాళం వేశాం.”

“చంటిదాన్ని నిద్ర లేపి, పాలు చూపించి, తలుపేసుకుని పోయారన్నమాట” అంది పిన్ని. “ఇంక అది ఏం చేస్తది? ఏడ్చి ఏడ్చి ఎండిపోద్ది.”

అది తెగులు కాదు, ఆకలి. మెట్ట ప్రాంతంలో ఇటుక ఇంటికి పాలు పొంగించి తాళం వేస్తే ఏమీ కాదు. ఇటుకకు ఆకలి తెలియదు. ఆ ఆచారాన్ని తెచ్చి ఊపిరున్న ఇంటికి పెట్టాం. అందులో శుభం తప్ప ఇంకేమీ ఉండదని అందరం అనుకున్నాం.

తాళం నా చేతిలోనే ఉంది. ఏడో ఇంటికి వేయలేకపోయాను. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

శ్రావణ బహుళ విదియ

దమయంతి గారికి అంతా చెప్పాను. ఆసక్తిగా విన్నారు. నారుమడి నిపుణులకు పంపుతామన్నారు. వాళ్ళు పరీక్షించి జవాబిచ్చేసరికి మహాలయ అమావాస్య దాటిపోతుంది. ఈ లోపు ఇళ్ళను అద్దెకిద్దామన్నాను. తాకని ఇల్లు ఒక్కసారి తాకితే మళ్ళీ తాకనిది కాదని, యజమాని ఒప్పుకోరని, ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తవద్దని చెప్పారు.

ఇంటికొచ్చి సంస్థ నియమాలు మొదటి నుంచి చదివాను. అమ్మ పక్కన కూర్చుని వల అల్లుతూ, పెద్దగా చదువు, నేనూ వింటా అంది. కాపురం అంటే ఏమిటో చెప్పే భాగం దగ్గర ఆగాను. ‘పాలు పొంగించడం కాపురం కింద లెక్కకు రాదు. యజమాని గాని, ఆయన తరఫున మేనేజరు గాని, మేనేజరు నియమించినవారు గాని దానిని చేయవచ్చు. ఆ పూట అతిథులకు భోజనం పెట్టవచ్చు.’

మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు పొంగించవచ్చో ఎక్కడా లేదు.

“అంటే రోజూ పొంగించొచ్చా?” అంది అమ్మ, వల మీద నుంచి కళ్ళెత్తకుండా.

శ్రావణ బహుళ సప్తమి

మొదలుపెట్టి ఐదు రోజులైంది. దాచిపెట్టి చేయడం లేదు. నమోదు పలకలో ప్రతి ఇంటి కింద ‘ఈ పూట పాలు పొంగించడమైనది, అతిథులు భోజనం చేసినారు’ అని రోజూ రాస్తున్నాను. చదివినవాళ్ళెవరూ ఇంకా ఫోను చేయలేదు.

పాలతో మొదలైంది గాని పాలతో ఆగలేదు. ఏడు గిన్నెల పాలు ఏం చేస్తాం? పిన్ని పరమాన్నం వండింది. రెండో రోజుకే రేవు వాళ్ళకు పరమాన్నం మొహం మొత్తింది. అతిథులకు భోజనం పెట్టవచ్చని ఉంది కదా, వంట ఇక్కడే చేస్తే సరి అని పిన్ని తన మెస్సును వరుస పొడుగునా పరిచేసింది. ఒకటో ఇంట్లో అన్నం వారుస్తుంది. రెండో ఇంట్లో పప్పు. నాలుగో ఇంట్లో పులుసు. ఐదో ఇంట్లో చారు. ఆరో ఇంట్లో వేపుడు. ఏడో ఇంట్లో మజ్జిగ, పచ్చడి. విస్తరి పట్టుకుని వరుస వెంట నడుస్తూ పెట్టించుకోవాలి. పడవల వాళ్ళు మొదట విసుక్కున్నారు. భోజనానికి వచ్చామా, తీర్థయాత్రకు వచ్చామా అన్నారు. తర్వాత వాళ్ళే ఏ ఇంట్లో చల్లగా ఉంటుందో చూసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

నన్ను చూసిన ప్రతివాళ్ళూ ఇవాళ ఎవరి గృహప్రవేశం అని అడుగుతున్నారు.

మూడో ఇంట్లో కూడా పొయ్యి పెట్టాం. ఆ గోడ ఆవిరి పీల్చలేదు. చుక్కలు చుక్కలుగా కారింది. చూడలేక బయటికి వచ్చాను.

భాద్రపద శుద్ధ పాడ్యమి

పొద్దున వరుసలో పొగ లేదు. సాయానికి వచ్చే ఆడవాళ్ళెవరూ రాలేదు. మళ్ళీ శూన్యమాసం వచ్చింది. ఈ నెలలో గృహప్రవేశం ఎవరు చేస్తారు? అమ్మ కూడా కాలు కదపలేదు.

“బుద్ధుందా నీకు? బాదరపదంలో పాలు పొంగిత్తే ఇంటికి అరిష్టం. అందులోనూ వచ్చేది పెద్దల పక్షం.”

పొంగించకపోతే అంతకంటే పెద్ద అరిష్టమని వాదించాను. చదువుకున్నదానివి నీకు తెలీదులే అంది. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళు కోలుకున్న గోడలు నెల రోజులు పస్తుంటే మొదటికొస్తాయి.

వరుస దగ్గరికి వెళ్ళేసరికి ఒకటో ఇంటి ముందు దీనమ్మ పిన్ని పొయ్యి ఊదుతోంది. చంకలో బైబిలు.

“మాకు శూన్యమాసాలు లేవుగా” అంది. “మేనేజరు గారు నన్ను నియమిత్తే, ఈ నెల నేను పొంగిత్తా. ప్రార్థన చేసి మొదలెడతా. నీకేం ఇబ్బంది లేదు కదా?”

అక్కడే నియామకం రాసిచ్చాను. ఒక్కో ఇంట్లో చిన్న ప్రార్థన చేసి పాలు పొంగించింది. వంట మొదలయ్యాక మా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. పొంగించేది మేం కాదు కదా, కూరలు తరగడానికి దోషమేముంది అనుకుంటూ. అందరికంటే చివర అమ్మ వచ్చింది. కత్తిపీట వేసుకుని కూర్చుంది.

భాద్రపద శుద్ధ ద్వాదశి

రెండో ఇల్లు కొబ్బరికాయలా పలికింది. మూడుసార్లు తట్టి మరీ విన్నాను. ఐదోది కూడా దారిలో పడింది. నాలుగో ఇంట్లో పొయ్యి పక్కన, పిన్ని గరిటె పెట్టుకునే చోట, గోడ చిన్న గూడు వేసింది. అడిగినవాళ్ళు లేరు. తనకు తోచి వేసింది.

మధ్యాహ్నం దమయంతి గారి ఫోను. గోడల మందం పెరిగిందని తెరలో కనిపించిందట. అప్పుడు వెనక్కి వెళ్ళి నా నమోదులన్నీ చదివారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, నాకు దానితోనే భయం వేసింది. నియమం ప్రకారం నేను చేసింది తప్పని చెప్పలేనన్నారు. కానీ గోడలో వంట వాసన ఎక్కాక దాన్ని తాకని ఇల్లని ఎవరు కొంటారని అడిగారు.

“చచ్చిపోయిన ఇంటిని ఎవరు కొంటారండీ?” అన్నాను.

దానికి ఆవిడ యజమాని మాట చెప్పారు. సుగుణాకర్ గారే స్వయంగా వచ్చి చూసి తేలుస్తారట. నా ఉద్యోగం, వరుస, పిన్ని మెస్సు, అన్నీ ఆయన చేతిలో. అమావాస్య రోజు వస్తానన్నారట.

అమావాస్య రోజు ఇక్కడికి ఎవరూ రారు. మెట్టవాళ్ళకు అది సెలవు రోజో కాదో తెలుసు గాని, పోటు రోజని తెలియదు. వద్దని చెప్పమన్నాను. ఆయన అప్పటికే పడవ మాట్లాడుకున్నారట.

మహాలయ అమావాస్య

సాయంత్రం రాస్తున్నాను. చీర అంచు ఇంకా తడిగానే ఉంది.

ఆయన పొద్దున్నే దిగారు. తెరలో కనిపించినంత పెద్ద మనిషి కాదు. బక్కగా, తెల్లటి చెప్పులతో, బురదలో ఎక్కడ అడుగు వేయాలో తెలియక నిలబడ్డారు. చెయ్యి అందించాను. నాంచారివి నువ్వేనా అమ్మా అని, వరుస వైపు చూశారు. ఏడు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఏడు కప్పుల మీద పొగ.

“నేను కొన్నది ఇవేనా?” అన్నారు.

జవాబు చెప్పేలోపు పోటు మొదలైంది. పెద్ద పోటు అలలా విరుచుకుపడదు. సముద్రమంతా ఒక్కసారి లేచి నిలబడినట్టు వస్తుంది. అందరం లోపలికి వెళ్ళాం. ఆయన్ని ఏడో ఇంట్లోకి తీసుకువెళ్ళాను. నీళ్ళు వెనక గోడలను తోశాయి. వేరు ఒక చివర నుంచి ఇంకో చివరకు మూలిగింది. ఆ చప్పుడు నేనెన్నడూ వినలేదు. ఆయన గోడకు చెయ్యి ఆనించి, చటుక్కున తీసి, మళ్ళీ ఆనించారు. వెచ్చదనం తెలిసి ఉంటుంది.

మూడో ఇంటి పడమటి గోడ కూలింది. ఆ చప్పుడుకు అందరం లేచాం. నీళ్ళు ఆ ఇంట్లోకి దూకాయి. ఇటు రెండో ఇంటి గోడను, అటు నాలుగో ఇంటి గోడను పట్టుకుని ఊపాయి. రెండూ నిలబడ్డాయి. పిన్ని నాలుగో ఇంట్లో పులుసు గిన్నె రెండు చేతులా పట్టుకుని, గోడకు వీపు ఆనించి, పైకి ప్రార్థన చేసిందట. మోకాలి లోతు వరకు వచ్చి, ఒక ఘడియ నిలిచి, పోటు వెనక్కి తగ్గింది.

మూడో ఇల్లు ఇక లేదు. మిగతా ఏడూ ఉన్నాయి. ఆరో వరుస అడ్డుండబట్టి, దానికి ఇవతల ఉన్న నీలాలరేవు గుడిసెలన్నీ ఉన్నాయి.

ఆ తర్వాత ఎవరూ కేకలు వేయలేదు, మొక్కుకోలేదు. ఆకలేసింది. సుగుణాకర్ గారు ఏడో ఇంటి గుమ్మంలోనే కూర్చుండిపోయారు. వాళ్ళ నాన్నగారి ఊరు ఇక్కడికి కనపడేంత దూరంలో ఉండేదట. నీళ్ళ కిందకు వెళ్ళినప్పుడు ఈయన చంటిపిల్లవాడు. అందుకే ఎక్కడ ఇల్లు దొరికినా కొనేవారట. కొని తాళం వేస్తే ఎక్కడికీ పోదు కదా అన్నారు నాతో, సంజాయిషీ చెబుతున్నట్టు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“మీ నాయన ఈ నీళ్ళల్లోని ఊరోడేనా బాబూ? అయితే లెగు. పెద్దలకు పెట్టే రోజు. నువ్వు తింటేనే ఆయనకు అందేది.”

విస్తరి చేతికిచ్చింది. ఆయన ఒకటో ఇంటి దగ్గర అన్నం పెట్టించుకున్నారు. రెండో ఇంటి దగ్గర పప్పు. కూలిన మూడో ఇంటి ముందు కాసేపు నిలబడ్డారు. నాలుగో ఇంటి దగ్గర దీనమ్మ పిన్ని, త్వరగా రండయ్యా, ఆరో ఇంట్లో వేపుడు అయిపోతది అని గరిటెతో పిలిచింది. తన ఇళ్ళన్నీ ఆయన మొదటిసారి అలా తిరిగారు, చేతిలో విస్తరితో.

తిన్నాక ఏడో ఇంటికి తిరిగి వచ్చి, తాళం ఏదమ్మా అన్నారు. తీసి ఇచ్చాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం వెతికారు. గొళ్ళెం పట్టే రంధ్రం లేదు. దాని మీదుగా తెల్లటి గుల్ల పేరుకుని నున్నగా మూసుకుపోయింది. నేనూ చూసుకోలేదు. ఆ రోజు నుంచి ఆ తలుపుకు తాళం వేయనే లేదు కదా.

ఆయన దాన్ని బొటనవేలితో రుద్దారు.

“గీకితే వస్తుందా?”

“వస్తుందండీ. ఆకురాయి ఉంది. నేనైతే గీకలేను.”

ఆయన అలాగే రుద్దుతూ నిలబడ్డారు. తర్వాత తాళం నా చేతిలో పెట్టేశారు.

“ఇన్నాళ్ళకు ఒక ఇల్లు నా మీద అలిగింది” అన్నారు. “ఉండనీ. ఇందులో ఉండేవాళ్ళను చూడు. మిగతా వాటికి కూడా. దమయంతి గారితో నేను మాట్లాడతాను.”

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఆరు ఇళ్ళకూ మనుషులు కుదిరారు. పొయ్యి వెలిగించని వాళ్ళకు ఇవ్వనని చెబుతున్నాను. ఒప్పందంలో అదనపు పెరుగుదల గీకాలన్న వాక్యం కొట్టేశాను. దమయంతి గారు మిగతా వరుసల మేనేజర్లను నా దగ్గరికి పంపుతామన్నారు. రెండో వరుసలో ఇప్పటికే గోడలు రాలుతున్నాయట. మూడో ఇంటి చోట కొత్త నారు పోశాం. మనుషులు కుదిరేదాకా దానికి పాలు చూపించను.

మధ్యాహ్నం తలుపుల నుంచి తీసేసిన ఇనప తాళాల గుత్తి తీసుకుని మెస్సుకు వెళ్ళాను. సంస్థకు తిప్పి పంపాలి. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గుత్తిలో తాళాలు లేవు. గాలి జోరుగా వీస్తోంది. ఒంకర ఇంటి కొత్త అరుగు మీద విస్తరాకులు వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో తాళం. ఒక్క ఆకూ కదలడం లేదు.

“మంచి బరువున్నాయమ్మాయ్” అంది దీనమ్మ పిన్ని. “కూచో, వడ్డిత్తా.”